కారు సెల్ఫ్ మోటార్‌ను ఇంట్లోనే పరీక్షించడం: విప్పేముందు ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

"తాళం తిప్పితే టక్ మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతోంది. సెల్ఫ్ పోయినట్టేనా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. పోయి ఉండొచ్చు. కానీ బ్యాటరీ నీరసపడినా, టెర్మినల్ వదులైనా, ఎర్త్ తీగ తుప్పు పట్టినా అదే శబ్దం వస్తుంది. అందుకే సెల్ఫ్‌ను విప్పడం అనేది ఈ పనిలో చివరి మెట్టు. దానికి ముందు బ్యాటరీ, తీగలు, సిగ్నల్ ఒక్కొక్కటిగా చూసి పక్కన పెట్టాలి. అలా చేస్తే సగం సందర్భాల్లో పానా దాకా వెళ్లే పనే ఉండదు.

కింద చెప్పినవన్నీ 12 వోల్టుల బ్యాటరీ ఉన్న మామూలు పెట్రోల్, డీజిల్ కార్లకు. హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తొడుగు ఉన్న తీగల్లో ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది, వాటి జోలికి ఇంట్లో వెళ్లొద్దు.

## 1. ముందు శబ్దం వినండి

మీటర్ తీయకముందే సగం సమాచారం చెవికి అందుతుంది. బోనెట్ తెరిచి పెట్టండి. ఒకరు లోపల కూర్చుని సెల్ఫ్ కొడుతుంటే మీరు బయట నిలబడి వినండి.

- ఏ శబ్దమూ లేదు: సెల్ఫ్ దాకా సిగ్నల్ రావడం లేదు, లేదా సోలినాయిడ్ (సెల్ఫ్ మీదుండే విద్యుదయస్కాంత స్విచ్, గేరును ముందుకు తోసి మోటార్‌కు కరెంట్ కలుపుతుంది) కాయిల్ తెగింది, లేదా బ్యాటరీ పూర్తిగా పడిపోయింది.
- ఒక్కసారి గట్టిగా "టక్": సోలినాయిడ్ లాగుతోంది, మోటార్ తిరగడం లేదు. లోపలి రాగి కాంటాక్టులు అరిగి ఉండొచ్చు, కార్బన్ బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంట్ అందించే ముక్కలు) అయిపోయి ఉండొచ్చు, లేదా తీగల్లో అడ్డు ఉండొచ్చు.
- వరసగా "టకటకటక": ఎక్కువసార్లు బ్యాటరీ లేదా వదులు టెర్మినల్. సోలినాయిడ్ లాగగానే వోల్టేజ్ పడిపోయి అది వదిలేస్తుంది. వదలగానే వోల్టేజ్ లేచి మళ్లీ లాగుతుంది.
- ఈడ్చుకుంటూ తిరుగుతోంది: బ్యాటరీ, తీగలు, బుష్‌లు (ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు) అరిగిన మోటార్, లేదా ఇంజినే బిగుసుకోవడం.
- మోటార్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ కదలడం లేదు: పినియన్ (సెల్ఫ్ చివర ఉండే చిన్న గేరు) ముందుకు రావడం లేదు, లేదా దాని లోపలి చిన్న క్లచ్ జారుతోంది.
- గరగరమని పళ్లు రాసుకున్న శబ్దం: పినియన్ పళ్లో, అది తిప్పే ఇంజిన్ వైపు పెద్ద పళ్ల చక్రం, అంటే రింగ్ గేర్ పళ్లో అరిగాయి, లేదా సెల్ఫ్ బోల్టులు వదులయ్యాయి.
- ఇంజిన్ స్టార్ట్ అయ్యాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంది: రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను కలిపే స్విచ్) లేదా సోలినాయిడ్ కాంటాక్టులు అతుక్కుపోయాయి. వెంటనే ఇంజిన్ ఆపండి. అప్పటికీ తిరుగుతుంటే బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఆలస్యమైతే మోటార్ కాలిపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే కరెంట్ వెళ్తోంది, కానీ బ్యాటరీ తట్టుకోలేకపోతోంది లేదా మోటార్ మరీ ఎక్కువ లాగుతోంది. లైట్లు ఏమాత్రం తగ్గకపోతే మోటార్‌కు కరెంటే చేరడం లేదు. కొన్ని కార్లు సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లను వాటంతట అవే ఆపేస్తాయి. అలాంటి కారైతే క్యాబిన్ లైటు చూడండి.

సమస్య అప్పుడప్పుడే వస్తుంటే, అది వచ్చిన వేళే పరీక్షించాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే మొండికేసే సెల్ఫ్ చల్లారాక అన్ని పరీక్షలూ పాసవుతుంది.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్, డీసీ వోల్టులు చూపించేది
- 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్
- డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటర్ (ఉంటే మంచిది, లేకపోయినా పని జరుగుతుంది)
- మీటర్ తీగలను పొడిగించుకోవడానికి రెండు పొడవైన తీగలు, మొసలి క్లిప్పులతో
- వైర్ బ్రష్, గరుకు కాగితం
- పానాలు, సాకెట్ సెట్టు
- చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు
- కళ్లద్దాలు, చేతి తొడుగులు
- సెల్ఫ్ కొట్టడానికి ఒక మనిషి

క్లాంప్ మీటర్ కొనేముందు ఒకటి చూసుకోండి. చాలా క్లాంప్ మీటర్లు ఏసీ ఆంపియర్లను మాత్రమే కొలుస్తాయి. కారుకు అవి పనికిరావు.

## 3. జాగ్రత్తలు

చాలా కార్లలో సెల్ఫ్‌కు పోయే లావు తీగలో ఫ్యూజు ఉండదు. బ్యాటరీ ఇవ్వగలిగిన కరెంట్ మొత్తం ఆ తీగలోనే పోతుంది. చేతి ఉంగరం పాజిటివ్‌కూ బాడీకీ మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. అందుకే ఈ జాబితాను పూర్తి చేయకుండా ముందుకు వెళ్లొద్దు.

- గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో
- హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు
- ఉంగరాలు, గడియారం, గొలుసు, వేలాడే దుస్తులు తీసేయాలి
- బ్యాటరీ దగ్గర నిప్పు, సిగరెట్ ఉండకూడదు, ఎందుకంటే చార్జింగ్ సమయంలో అందులోంచి హైడ్రోజన్ వస్తుంది
- ఫ్యాను, బెల్టులకు చేతులు, మీటర్ తీగలు దూరంగా ఉండాలి
- కారు కిందికి వెళ్లాల్సి వస్తే గట్టి స్టాండ్లు పెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు
- సైలెన్సర్ గొట్టం చల్లారాలి

లోపల కూర్చున్న మనిషితో ముందే మాట అనుకోండి. "కొట్టు" అన్నప్పుడే కొట్టాలి, "ఆపు" అనగానే ఆపాలి. మీరు చేతులు లోపల పెట్టి ఉండగా తొందరపడి తాళం తిప్పితే జరిగే ప్రమాదం చాలా పెద్దది.

కారు వరద నీటిలో మునిగి ఉంటే, లేదా లోతైన నీళ్లలో ఆగిపోయి ఉంటే సెల్ఫ్ అసలు కొట్టొద్దు. సిలిండర్లలో నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పించి నీళ్లు లేవని నిర్ధారించుకోవాలి. డీజిల్ అయితే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

## 4. ఇంజిన్ స్టార్ట్ కాకుండా చేయండి

కొలతలు తీయడానికి సెల్ఫ్ కొన్ని సెకన్లపాటు ఆగకుండా తిరగాలి. మధ్యలో ఇంజిన్ అందుకుంటే కొలత చెడిపోతుంది. ఫ్యూజు బాక్సు మూత మీదున్న బొమ్మ చూసి ఫ్యూయల్ పంప్ ఫ్యూజు గానీ రిలే గానీ తీసేయండి. తరవాత ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొడితే పైపుల్లో మిగిలిన ఇంధనం అయిపోతుంది. కొన్ని డీజిల్ బండ్లలో ఈ పద్ధతి పనిచేయదు. వాటికి ఇంధనం ఎలా ఆపాలో బండితో వచ్చిన పుస్తకంలో చూడండి.

ఒక్కసారి 10 సెకన్లకు మించి కొట్టకండి. మళ్లీ కొట్టేముందు కనీసం ఒకటి రెండు నిమిషాలు ఆగండి. సెల్ఫ్ మోటార్‌ను కొద్ది సెకన్ల పని కోసమే తయారుచేస్తారు. దాన్ని చల్లబరిచే ఏర్పాటు ఏదీ లేదు.

## 5. బ్యాటరీ: ఆగి ఉన్నప్పుడు, బరువు మోస్తున్నప్పుడు

కారు కనీసం కొన్ని గంటలు ఆగి ఉండాలి. ఇప్పుడే నడిపి ఉంటే బ్యాటరీ పైపై చార్జ్ చూపిస్తుంది. అప్పుడు హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఇంకొన్ని నిమిషాలు ఆగి కొలవండి.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బ్యాటరీ సీసపు ముళ్ల (తీగ క్లాంపులు పట్టే పొట్టి కడ్డీల) మీద నేరుగా ఆనించండి.

- 12.6 లేదా పైన: నిండుగా ఉంది
- 12.4: దాదాపు ముప్పావు వంతు
- 12.2: సగం
- 12.0: పావు వంతు, ముందు చార్జ్ చేయండి

12.4 కన్నా తక్కువుంటే చార్జ్ చేశాకే మిగతా పరీక్షలకు వెళ్లండి. నీరసపడిన బ్యాటరీతో తీసే కొలతలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

ఇక అసలు పరీక్ష. మీటర్ అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టించండి. 10 వోల్టుల పైన నిలిస్తే బ్యాటరీ బాగుంది. మామూలు వేడిలో 9.6 కన్నా కిందికి జారితే అనుమానించాలి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మోటార్ లోపల రాసుకుంటూ అతిగా కరెంట్ లాగినా మంచి బ్యాటరీ 9 వోల్టులకు పడిపోతుంది. తేల్చుకోవాలంటే బాగుందని తెలిసిన మరో బ్యాటరీ పెట్టి చూడాలి, లేదా మెట్టు 9లో చెప్పినట్టు ఆంపియర్లు కొలవాలి.

తాళం తిప్పినా వోల్టేజ్ 12.6 నుంచి ఏమాత్రం కదలకపోతే బ్యాటరీని వదిలేసి మెట్టు 6కు వెళ్లండి. కరెంట్ ఎక్కడో ఆగిపోయింది.

టెర్మినల్ క్లాంపులను చేత్తో తిప్పి చూడండి. కొంచెం కదిలినా బిగించాలి. తెల్లటి, పచ్చటి పొడి పట్టి ఉంటే ముందు నెగటివ్, తరవాత పాజిటివ్ విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి.

## 6. సెల్ఫ్‌కు సిగ్నల్ వస్తోందా?

సెల్ఫ్ మోటార్ మీద మూడు చోట్లు గుర్తుపట్టాలి.

- లావు తీగ వచ్చే బోల్టు: నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వస్తుంది. దీని మీద 30 అనో, బి అనో గుర్తు ఉంటుంది. ఎప్పుడూ కరెంట్ ఉండే చోటు.
- సన్న తీగ: తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంట్ వస్తుంది. గుర్తు 50 లేదా ఎస్.
- సోలినాయిడ్ నుంచి మోటార్ లోపలికి పోయే రాగి పట్టీ లేదా అల్లిన తీగ ఉన్న బోల్టు: దీన్ని ఎం టెర్మినల్ అంటారు.

టెస్ట్ ల్యాంప్ క్లిప్పును ఇంజిన్ లోహానికి తగిలించి, మొనను సన్న తీగ టెర్మినల్ మీద పెట్టండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ల్యాంప్ బాగా వెలగాలి. ల్యాంప్ తరవాత మీటర్‌తో కూడా చూడండి. బ్యాటరీ దగ్గర ఆ క్షణంలో ఎంత ఉందో దానికి దగ్గరగా ఇక్కడా ఉండాలి. 8, 9 వోల్టులే వస్తూ బ్యాటరీ దగ్గర 12 ఉంటే రిలే కాంటాక్టులో, ఇగ్నిషన్ స్విచ్చో నష్టం చేస్తోంది.

సిగ్నల్ నిండుగా వస్తున్నా టక్ అనే శబ్దం కూడా లేకపోతే తప్పు సెల్ఫ్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉంది. సిగ్నల్ రాకపోతే సెల్ఫ్‌ను విప్పి లాభం లేదు. ఇవి చూడండి:

- డాష్‌బోర్డ్ మీద తాళం గుర్తు లైటు మెరుస్తోందా? అయితే ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా అసలు తాళాన్నే ఒప్పుకునే ఏర్పాటు) తాళాన్ని గుర్తుపట్టలేదు. రెండో తాళంతో ప్రయత్నించండి, స్మార్ట్ కీ అయితే అందులోని సెల్ మార్చండి.
- ఆటోమేటిక్ కారు పార్క్‌లో రాకపోతే న్యూట్రల్‌లో పెట్టి కొట్టండి. అక్కడ వస్తే గేరు స్విచ్ సర్దాలి.
- క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే కారులో క్లచ్ స్విచ్ ప్లగ్గు ఊడిందేమో చూడండి.
- బటన్ స్టార్ట్ కారులో బ్రేక్ తొక్కినప్పుడు వెనక బ్రేక్ లైట్లు వెలగకపోతే బ్రేక్ స్విచ్ మీద అనుమానం పెట్టుకోండి. కారుకు మీరు బ్రేక్ తొక్కినట్టే తెలియడం లేదు.
- స్టార్టర్ ఫ్యూజు, స్టార్టర్ రిలే. ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న మరో రిలే ఉంటే రెండూ మార్చి పెట్టి చూడండి.

రిలేను విడిగా పరీక్షించాలంటే 85, 86 కాళ్ల మధ్య ఓములు (కరెంట్‌కు ఉండే అడ్డు) కొలవండి. మామూలుగా 50 నుంచి 120 మధ్య వస్తుంది. ఆ రెండు కాళ్లకు 12 వోల్టులు ఇస్తే టిక్ మనాలి, 30, 87 కాళ్ల మధ్య అడ్డు సున్నాకు రావాలి. రిలేల్లో కొన్నింటికి లోపల డయోడ్ ఉంటుంది. దాని బొమ్మ రిలే మీదే అచ్చువేసి ఉంటుంది కాబట్టి పాజిటివ్ వైపు చూసి ఇవ్వండి.

## 7. వోల్టేజ్ నష్టం: ఎక్కువమంది వదిలేసే పరీక్ష

ఈ మార్గదర్శిలో ఒక్క పరీక్షే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

తీగ బాగుందో లేదో చూడటానికి చాలామంది ఓములు కొలుస్తారు. లావు తీగ లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా ఓమ్ మీటర్ సున్నా చూపిస్తుంది. ఆగి ఉన్న కారులో ఆ పోగు చివర 12.6 వోల్టులు కూడా చూపిస్తుంది. సెల్ఫ్ తిరగాలంటే మాత్రం 150 ఆంపియర్లు కావాలి, ఆ పోగు అది మోయలేదు. ఒక కీలు దగ్గర 0.01 ఓమ్ అడ్డు ఉందనుకోండి. 150 ఆంపియర్ల దగ్గర అది 1.5 వోల్టులను మింగేస్తుంది. అంత చిన్న అడ్డును మామూలు మల్టీమీటర్ పట్టుకోలేదు, దాని తీగల అడ్డే అంతకన్నా ఎక్కువ. కాబట్టి కరెంట్ పారుతుండగానే కొలవాలి.

పద్ధతి ఇది. మీటర్ మొనల్ని తీగకు రెండు చివర్లా పెడతాం. తీగ బాగుంటే రెండు చివర్లా ఒకే వోల్టేజ్ కాబట్టి మీటర్ సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. ఎంత చూపిస్తే అంత అక్కడ వృథా అవుతోందని అర్థం. ప్రతి కొలతా సెల్ఫ్ కొడుతూనే, రెండు మూడు సెకన్లపాటు తీయాలి.

పాజిటివ్ వైపు

1. ఎర్ర మొన బ్యాటరీ పాజిటివ్ ముల్లు మీద, నల్ల మొన సెల్ఫ్ మీది లావు తీగ బోల్టు మీద. 0.5 వోల్టులు దాటకూడదు.
2. దాటితే ముక్కలుగా విడదీయండి. ముల్లు నుంచి క్లాంపు దాకా 0.1 లోపు ఉండాలి. తరవాత తీగ ఒక్కటే కొలవండి, చివరకు సెల్ఫ్ దగ్గరి లగ్గు. ఎక్కడ అంకె ఒక్కసారిగా పెరిగిందో తప్పు అక్కడే.

ఎర్త్ వైపు

3. ఎర్ర మొన సెల్ఫ్ ఒంటి మీద, పెయింట్ లేని చోట. నల్ల మొన బ్యాటరీ నెగటివ్ ముల్లు మీద. 0.3 వోల్టుల లోపు ఉండాలి.
4. ఎక్కువుంటే ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని విప్పి, కూర్చునే చోటు గరుకు కాగితంతో రుద్ది బిగించండి.

సోలినాయిడ్ కాంటాక్టులు

5. లావు తీగ బోల్టుకూ, ఎం బోల్టుకూ మధ్య మొనలు పెట్టండి. ఆగి ఉన్నప్పుడు ఇక్కడ దాదాపు బ్యాటరీ వోల్టేజ్ కనిపిస్తుంది, కంగారుపడకండి. సెల్ఫ్ కొట్టగానే అది 0.3 కిందికి పడాలి. టక్ మన్న తరవాత కూడా అలాగే పైనే ఉంటే లోపలి రాగి కాంటాక్టులు కలవడం లేదు.

మోటార్‌కు చేరుతున్నది

6. ఎం బోల్టుకూ సెల్ఫ్ ఒంటికీ మధ్య కొలవండి. ఇక్కడ 10 వోల్టులు అందుతున్నా మోటార్ కదలకపోతే ఇక తీగల మీద అనుమానం అక్కర్లేదు. తప్పు బ్రష్‌లలోనో, ఆర్మేచర్‌లోనో (మోటార్‌లో తిరిగే భాగం) ఉంది, లేదా ఇంజిన్ బిగుసుకుంది.

ముల్లు మీద, క్లాంపు మీద అని వేరుగా చెప్పడం వెనక నా అనుభవం ఉంది. ఒకసారి ఒక్క "టక్" విని, బ్యాటరీ క్లాంపు మీద 12.6 చూసి, సెల్ఫ్ పోయిందనుకుని దాన్ని కిందికి దించాను. బయట అది చక్కగా తిరిగింది. ముల్లుకూ క్లాంపుకూ మధ్య పైకి కనిపించని సన్నటి పొర పట్టి ఉంది, సెల్ఫ్ కొడితే అక్కడే రెండు వోల్టులకు పైగా పోతున్నాయి. ఈ కొలతకు ఒక్క నిమిషం చాలు. అది చేయకుండా ఇప్పుడు నేను సెల్ఫ్ బోల్టు మీద పానా పెట్టను.

ఒక హెచ్చరిక: కరెంట్ పారకపోతే నష్టమూ ఉండదు. బ్రష్‌లు పూర్తిగా అయిపోయిన మోటార్ ఏమీ లాగదు కాబట్టి చెడ్డ తీగ కూడా సున్నా చూపిస్తుంది. అందుకే 6వ కొలత తప్పనిసరి.

## 8. సెల్ఫ్‌కు నేరుగా కరెంట్ ఇచ్చి చూడటం

లావు తీగ బోల్టు నుంచి 50 టెర్మినల్‌కు కరెంట్ ఇస్తే తాళం, రిలే, స్విచ్చులు అన్నీ పక్కకు పోతాయి. సెల్ఫ్ తిరిగితే తప్పు తాళం వైపు ఉంది. తిరగకపోతే, బ్యాటరీ, తీగలు బాగున్నాయని ముందే తేల్చుకున్నారు కాబట్టి, తప్పు సెల్ఫ్‌లో ఉంది.

దీనికి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టడం అందరూ చూసే ఉంటారు. దయచేసి అలా చేయొద్దు. నిప్పురవ్వలు ఎగురుతాయి, జారి ఇంజిన్ లోహానికి తగిలితే చేతులు కాలుతాయి. మొసలి క్లిప్పులున్న పుష్ బటన్ స్విచ్ వాడండి. సోలినాయిడ్ లాగే క్షణంలో కరెంట్ ఎక్కువ కాబట్టి స్విచ్, తీగలు లావుగా ఉండాలి.

ఈ పద్ధతిలో గేరు స్విచ్ రక్షణ పనిచేయదు. గేరులో ఉంటే కారు మీ మీదికే దూకుతుంది. బటన్ నొక్కేముందు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ మీ చేత్తో మీరే చూసుకోండి, ఇంకొకరు "పెట్టాను" అంటే నమ్మొద్దు.

సెల్ఫ్ ఒంటిని చెక్కతోనో సుత్తి పిడితోనో మెల్లగా తడుతూ కొట్టిస్తే ఒక్కోసారి తిరుగుతుంది. అలా తిరిగితే బ్రష్‌లు లేదా కాంటాక్టులు చివరి దశలో ఉన్నట్టు. దీన్ని గుర్తుగా తీసుకోండి, రోజూ వాడే చిట్కాగా వద్దు. చాలా సెల్ఫ్‌లలో లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, గట్టిగా కొడితే పగులుతాయి.

## 9. ఎన్ని ఆంపియర్లు లాగుతోంది?

డీసీ క్లాంప్ మీటర్‌ను సున్నా చేసి, సెల్ఫ్‌కు పోయే లావు తీగ చుట్టూ మూయండి. మొదటి క్షణంలో అంకె చాలా ఎత్తుకు వెళ్తుంది, దాన్ని వదిలేసి స్థిరపడ్డాక చదవండి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కు సుమారు 100 నుంచి 200 ఆంపియర్లు మామూలే. డీజిల్‌కు ఇంకా ఎక్కువ.

- నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ లాగితే: మోటార్ లోపల బుష్‌లు అరిగి ఆర్మేచర్ రాసుకుంటోంది, లేదా ఇంజిన్ బిగుతుగా ఉంది.
- నెమ్మదిగా తిరుగుతూ తక్కువ లాగితే: తీగల్లో అడ్డు లేదా అరిగిన బ్రష్‌లు.

ఇంజిన్ బిగుసుకుందేమో తెలుసుకోవడానికి నెగటివ్ తీసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి ఇంజిన్ తిరిగే దిశలో చేత్తో తిప్పండి. బరువుగా ఉన్నా కదలాలి. అసలు కదలకపోతే సెల్ఫ్ మార్చినా ఫలితం ఉండదు.

మల్టీమీటర్‌లో 10 ఆంపియర్ల రంధ్రంతో ఈ కొలత తీయాలని ఎప్పుడూ అనుకోవద్దు. మీటర్ కాలిపోతుంది, చేతిలోనే పేలవచ్చు కూడా.

## 10. విప్పి బల్ల మీద పరీక్షించడం

బ్యాటరీ నెగటివ్ తీశాకే సెల్ఫ్ తీగల మీద చేయి వేయండి. తీగలు, బోల్టులు ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సెల్ఫ్ చూడటానికి చిన్నదైనా కొన్ని కిలోల బరువుంటుంది. చివరి బోల్టు తీసేటప్పుడు కింద చేయి పెట్టి పట్టుకోవాలి.

సెల్ఫ్‌ను బెంచ్ వైస్‌లో, ఒంటి మీద నొక్కు పడకుండా, మౌంటింగ్ చెవి దగ్గర బిగించండి. కాలితో తొక్కి పెట్టడం సరిపోదు. తిరగడం మొదలైన క్షణంలో గట్టిగా ఎగురుతుంది.

మొత్తం పరీక్ష: లావు జంపర్ తీగలతో బ్యాటరీ నెగటివ్‌ను సెల్ఫ్ ఒంటికి, పాజిటివ్‌ను 30 బోల్టుకు తగిలించండి. 30 నుంచి 50కి బటన్ స్విచ్‌తో కరెంట్ ఇవ్వండి. పినియన్ ముందుకు దూకి, మోటార్ ఒకే వేగంతో, ఒకే శబ్దంతో తిరగాలి. నాలుగైదు సెకన్లు చాలు.

ఇక్కడ తిరిగింది కదా అని సెల్ఫ్ బాగుందని తీర్పు ఇవ్వకండి. బల్ల మీద దానికి ఇంజిన్ బరువు లేదు. అరిగిన బ్రష్‌లతో కూడా ఖాళీగా తిరగగలదు. తిరగకపోతే మాత్రం పోయినట్టే.

సోలినాయిడ్ పరీక్ష: సోలినాయిడ్‌లో రెండు కాయిళ్లు ఉంటాయి. ఒకటి లాగేది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచేది. రెంటినీ విడివిడిగా చూడొచ్చు.

1. ఎం బోల్టు నుంచి మోటార్‌లోకి పోయే తీగను విప్పి పక్కకు పెట్టండి.
2. బ్యాటరీ నెగటివ్‌ను ఒంటికీ, ఎం బోల్టుకూ రెంటికీ తగిలించండి. పాజిటివ్‌ను 50కి ఇవ్వండి. పినియన్ బయటికి రావాలి. రాకపోతే లాగే కాయిల్ పోయింది.
3. పాజిటివ్ అలాగే ఉంచి ఎం బోల్టు నుంచి నెగటివ్ తీయండి. పినియన్ బయటే నిలవాలి. లోపలికి పోతే పట్టే కాయిల్ పోయింది.
4. ఒంటి నుంచి నెగటివ్ తీయండి. పినియన్ వెంటనే లోపలికి పోవాలి. మధ్యలో చిక్కుకుంటే లోపల మురికి లేదా స్ప్రింగు సమస్య.

ఇదంతా నాలుగైదు సెకన్లలో ముగించాలి, లేకపోతే కాయిళ్లు కాలతాయి.

పినియన్ క్లచ్: పినియన్‌ను వేళ్లతో తిప్పండి. ఒక వైపు స్వేచ్ఛగా తిరగాలి, రెండో వైపు పట్టేయాలి. రెండు వైపులా తిరిగితే క్లచ్ పోయింది.

పళ్ల చివర్లు కూడా చూడండి. అవి కొరికినట్టు ఉంటే సెల్ఫ్ తీసిన రంధ్రంలోంచి రింగ్ గేర్ చూడాలి. క్రాంక్‌ను చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ పూర్తి చుట్టూ చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకదాని దగ్గరే ఆగుతుంది కాబట్టి అరుగుదల ఆ రెండు చోట్లే ఉంటుంది. ఒక్కచోట చూసి బాగుందనుకుంటే మోసపోతారు.

## 11. తిరిగి బిగించేటప్పుడు

సెల్ఫ్ కూర్చునే చోట నూనె, తుప్పు తుడిచి లోహం కనిపించేలా చేయండి. సెల్ఫ్‌కు ఎర్త్ అందేది ఆ ముఖం నుంచే. అక్కడ పెయింట్ వేసిన కొత్త సెల్ఫ్ బిగించి "కొత్తదీ పనిచేయడం లేదు" అని బెంగపడేవాళ్లు ఉన్నారు. విప్పినప్పుడు మధ్యలో సన్నటి రేకులు వచ్చి ఉంటే అవే మళ్లీ పెట్టాలి. పినియన్‌కూ రింగ్ గేర్‌కూ మధ్య ఎడం వాటి వల్లే సరిపోతుంది.

- బోల్టులు రెండూ చేత్తో ఎక్కించి, తరవాత పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాలి
- లావు తీగ నట్టును గట్టిగా, కానీ రాగి బోల్టు తిరిగిపోకుండా
- లావు తీగ మీద రబ్బరు తొడుగు మళ్లీ కప్పాలి
- తీగలు సైలెన్సర్‌కు, తిరిగే భాగాలకు తగలకుండా కట్టాలి
- ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తిరిగి పెట్టాలి
- బ్యాటరీ నెగటివ్ చివర బిగించాలి

మొదటిసారి సెల్ఫ్ కొట్టాక ఇంజిన్ అందుకోగానే తాళం వదిలి, సెల్ఫ్ శబ్దం పూర్తిగా ఆగిందో లేదో వినండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలిస్తే మామూలుగా 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. రాకపోతే సెల్ఫ్ బాగైనా రెండు రోజుల్లో బ్యాటరీ మళ్లీ పడిపోతుంది, అప్పుడు చూడాల్సింది ఆల్టర్నేటర్. కొన్ని కొత్త కార్లు బ్యాటరీ నిండాక చార్జింగ్‌ను కావాలనే తగ్గిస్తాయి. అలాంటి కారులో హెడ్‌లైట్లు వేసి మళ్లీ కొలవండి.